నోటితో చెప్పాల్సిన చిరునామా

వంటింటి బల్ల మీద కరపత్రాలు పేర్చుకుని నోరీన్ చీటీలు అతికిస్తోంది. ఇన్సూరెన్స్ బ్రోకర్ల మీద జనం ఫిర్యాదు చేసుకునే పాత మండలి పోయి, బ్రోకర్లంతా కొత్త మండలికి మారుతున్నారు. భర్త క్లైవ్ కూడా బ్రోకరే. అతని ఆఫీసు కరపత్రాల చివరి పేజీలో ఇంకా పాత చిరునామాయే ఉంది. దాని మీద కొత్తది అతికించే పని, ఆ ఆఫీసులోని జీతం లేని పనులన్నిటిలాగే ఆమె నెత్తిన పడింది. బోర్డు మీద మాత్రం క్లైవ్ పాస్కో ఒక్కడే. "నీ పేరెందుకు, నువ్వు ఇంటిదానివేగా" అన్నాడు బోర్డు రాయించిన రోజు.

క్లైవ్ టీ కప్పుతో వచ్చాడు. "ఇక ఆపెయ్. నియంత్రణ సంస్థ వాళ్ళు మనకి సడలింపు ఇచ్చారు. కొన్నాళ్ళపాటు ఈ పాత కరపత్రాలే పంచుకోవచ్చు. ఎవరైనా ఫిర్యాదంటూ వస్తే కొత్త చిరునామా నోటితో చెబితే చాలట."

"ఎవరు చెప్పాలి?"

"నువ్వే. ఫిర్యాదులన్నీ నీ డిపార్టుమెంటేగా!"

అతికించిన దొంతర వైపు అతను చూడను కూడా లేదు. ఆమెకు ఒళ్ళు మండింది. కానీ అతనన్నది నిజమే. కోపంతో ఆ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ ఆమె స్కోన్‌లనే వేడి వేడి చిన్న రొట్టెలు, ఆప్రికాట్ జామూ, మీగడా పెట్టేది. రెండో స్కోన్ తినేసరికి వాళ్ళ గొంతు తగ్గేది, మూడోదానికి మనవల కబుర్లు వచ్చేవి. అత్తగారు ఐవీ నేర్పిన విద్య అది. "మగాళ్ళన్నాక తప్పులు చేస్తారమ్మాయ్, మనం టీ పెట్టాలి" అనేది ఆవిడ. తమ ఊరు హార్షమ్‌లో ఏ విందు జరిగినా క్లైవ్ లేచి, తన ఆఫీసు నుంచి ఒక్క ఫిర్యాదూ గుమ్మం దాటలేదని చెప్పుకుంటాడు. చప్పట్లు అతనికి, ఎంగిలి ప్లేట్లు ఆమెకి.

"మధ్యాహ్నం బెరిల్ ట్రెగియర్ వస్తోంది" అన్నాడు క్లైవ్.

వడగళ్ళవానకి బెరిల్ కొత్తగా కట్టుకున్న షెడ్డు కూలిపోయింది. పాలసీలో ఆ షెడ్డు లేదు కాబట్టి చిల్లిగవ్వ కూడా ఇవ్వనంది కంపెనీ. షెడ్డు లేకపోతే ఉన్ని కత్తిరించే చోటు లేదు, ఆవిడ గొర్రెల్ని అమ్ముకోవాల్సిందే.

"షెడ్డు చేర్చమని ఆవిడ ఫోన్ చేసింది. నేను నీకు చెప్పాను" అంది నోరీన్.

"చెప్పావేమో, మర్చిపోయాను. ఇప్పుడదంతా తవ్వకు. ఆవిడకి మాత్రం గుర్తుంటుందా, వయసైపోయింది. స్కోన్‌లు చెయ్యి."

ఆమె పిండి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

మధ్యాహ్నం ఆఫీసులో బెరిల్ తన టోపీ ఒళ్ళో పెట్టుకుని, పాత కరపత్రం ఒకటి చేత్తో పట్టుకుని కూర్చుంది. కోపం లేదు ఆవిడలో. "ఫోన్ చేశాననే అనుకున్నానమ్మాయ్. కలగన్నావంటున్నాడు మా అబ్బాయి. నా బుర్ర పనిచెయ్యట్లేదేమో. ఇప్పుడు స్టవ్ కట్టేశానో లేదో అని పదేపదే వెళ్ళి చూసుకుంటున్నాను."

ఆవిడ అరిచినా నోరీన్ తట్టుకునేదే. ఈ మాట తట్టుకోలేకపోయింది. 'నీకలా అనిపించి ఉంటుందిలే' అని క్లైవ్ తనతో ఎన్నిసార్లు అనలేదు! చెప్పిన మాట చెప్పలేదేమోననీ, చూసింది చూడలేదేమోననీ తనూ ఎన్నిసార్లు నమ్మింది! ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళకి స్కోన్‌లతో పాటు తను వడ్డించింది ఇదే అనుమానం కాబోలు. ఆమెకు సిగ్గేసింది.

క్లైవ్ లోపలి గదిలోంచి తొంగిచూశాడు. "నోరీన్, ఆవిడకి స్కోన్‌లు పెట్టు."

"ఇవాళ చెయ్యలేదు" అని, బెరిల్ వైపు తిరిగింది. "మీరు ఫోన్ చేశారు బెరిల్ గారూ. ఎత్తింది నేనే. మీ బుర్రకేం కాలేదు. మీ చేతిలో ఉన్న కరపత్రంలోది పాత చిరునామా. ఫిర్యాదు ఎక్కడికి పంపాలో చెప్తాను, రాసుకోండి."

"నీకేమైనా పిచ్చెక్కిందా?" క్లైవ్ మొహం ఎర్రబడింది. "ఏం చేస్తున్నావు?"

"నోటితో చెప్పమన్నావుగా, చెప్తున్నాను."

చిరునామా నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. బెరిల్ కలం మూత పెట్టబోయింది.

"ఉండండి, సాక్షి పేరు కూడా రాసుకోండి. నోరీన్ పాస్కో. బయట బోర్డు మీద వెతికితే కనబడదు."