రెండు కార్డులకూ ఒకే వరస

హల్డా కాలు విరిగి రెండు రోజులైంది. మంచు చరియల మీద కన్నేసి ఉంచే మా గుడిసెకు ఆమే పెద్ద. నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. విరిగిన కాలు నల్లబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది. హెలికాప్టర్ రాకపోతే మనిషే దక్కదు.

లోయలోని ఆఫీసుకు కబురు పంపాలంటే ఒకటే దారి, గట్టు మీది స్తంభానికి బిగించిన లినక్స్ కంప్యూటర్ పెట్టె. అందులో రెండు వైర్‌లెస్ కార్డులు. కొత్తది లోయ వైపు, పాతది మా వైపు. తుపాను వచ్చినప్పటి నుంచి లోయ కార్డు నిమిషానికోసారి తెగిపోతోంది. రాసిన కబురు వెళ్లాలంటే లంకె కొన్ని నిమిషాలైనా నిలవాలి, అందుకే ఒక్కటీ దాటలేదు. దాన్ని నడిపే ప్రోగ్రామ్ మారిస్తే నిలబడుతుందని నాకు తెలుసు. గుడిసెలోంచే మార్చి, పెట్టెను మళ్లీ మొదలుపెట్టాను.

గట్టు మీద పచ్చ దీపం వెలిగింది. లోయ లంకె కుదిరింది. నా తెర మాత్రం బిగుసుకుపోయింది.

"ఏం వెలగబెట్టావోయ్?" అంది హల్డా మంచం మీంచి.

"కొత్త ప్రోగ్రామ్‌ను లోయ కార్డు పేరు పెట్టి దానికొక్కదానికే ఒక వరసలో రాయాలి, పాత కార్డుకు ఇంకో వరస. కంగారులో రెండు కార్డులకూ ఒకే వరస రాసేశాను. మన పాత కార్డుకు కొత్త ప్రోగ్రామ్ పడదు."

"అంటే?"

"పెట్టె లోయతో మాట్లాడుతుంది. మనతో మాట్లాడదు."

"ఇంకో వరస రాయడానికి బద్ధకమా! విరగాల్సింది నీ చేతులు, నా కాలు కాదు."

నాకు ఏడుపొచ్చింది. పెట్టెకు కరెంటు మా గుడిసె నుంచే వెళ్తుంది. ఆపి మళ్లీ ఇచ్చాను. నేను రాసిన తప్పు అందులోనే ఉంది కాబట్టి మళ్లీ అదే తంతు. గాలి తగ్గింది గానీ గట్టు దారంతా వదులు మంచు. అక్కడ అడుగు పెట్టొద్దని జనానికి చెప్పడమే మా ఉద్యోగం.

"గాలి వేగం లెక్కలు ఇంకా కిందికి పోతున్నాయా?" అంది హల్డా.

పోతున్నాయి. గంటకోసారి ఆ పెట్టె తనంతట తానే పంపుతుంది; నాలుగు అంకెలే కాబట్టి లంకె తెగుతున్నప్పుడూ అవి ఎలాగో దాటాయి. అవి అందినంతసేపూ మేం క్షేమమనే లెక్క. ఆరు గంటలు ఏమీ రాకపోతేనే కింద నుంచి హెలికాప్టర్‌లో మనుషులు బయల్దేరతారు.

"ఆపెయ్."

"ఆపితే పైలట్‌కు గాలి సంగతి తెలీదు. గుడ్డిగా దిగాలి."

"తెలిసి మాత్రం ఎవడొస్తున్నాడు? ఆపెయ్."

మీట దించాను. దీపం ఆరింది.

"ఇక మనం పోయామనుకుంటారా?"

"అనుకోవాలి" అన్నాను.

"కాస్త త్వరగా అనుకుంటే బాగుండు" అని హల్డా నా చెయ్యి పట్టుకుంది.