పదికి మూడు

“ఫోన్లు ఒత్తుడే గదా నీ పని. దానికి గింత హడావుడెందుకు,” అన్నాడు రాంప్రసాద్, టిఫిన్ డబ్బా మూత తీసి ఏం కూరో చూసుకుంటూ.

అతని భార్య సుకన్య రెండు పొయ్యిల ముందు నిలబడి ఉంది. ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఇంకో పొయ్యి మీద అత్త కట్టమ్మకు జొన్నరొట్టె కాలుతోంది. పక్కన గట్టు మీద ఆఫీసు ఫోన్లు రెండున్నాయి, ఒకటి ఐఫోన్, ఒకటి ఆండ్రాయిడ్. రొట్టె తిప్పినప్పుడల్లా చెయ్యి తుడుచుకుని రెండింటిలోనూ ఒకే చోట నొక్కి, ఏది ఎట్లా తెరుచుకుంటుందో చూస్తోంది. హనుమకొండలో పన్నెండు మంది పనిచేసే చిన్న కంపెనీలో ఆరేళ్ళుగా ఆమె ఉద్యోగం అదే. వాళ్ళు తయారుచేసే యాప్ జనం చేతికి పోకముందే అన్ని రకాలుగా వాడి చూసి, తప్పులు పట్టుకోవాలి. పట్టుకున్న తప్పు ఎవరికీ కనిపించదు. వదిలేసినదే కనిపిస్తుంది. ఆ మాటకొస్తే ఇంటి పనీ అంతే. పప్పులో ఉప్పు సరిపోయిన రోజు ఆ పప్పు గురించి ఎవరూ మాట్లాడరు.

కాజీపేట రైల్వే ఆఫీసులో గుమస్తాగా చేసే రాంప్రసాద్‌కు ఆమె పనేమిటో వివరించే ఓపిక సుకన్యకు ఎప్పుడో పోయింది. పోయిన దసరాకు ఆడబిడ్డ వచ్చినప్పుడు, “మా ఆమె ఫోన్లు చూస్తది,” అని చెప్పాడతను. “అంటే రిపేర్ షాపా అన్నా?” అని ఆమె అడిగితే ఇల్లంతా నవ్వింది. చాయ్ ట్రే పట్టుకుని నిలబడ్డ సుకన్య కూడా నవ్వింది. తర్వాత కప్పులు కడుగుతున్నప్పుడు ఆ నవ్వు తనకే వెగటు పుట్టించింది. ఎందుకు నవ్వినట్టు? తనకు తెలిసినవి ఆ గదిలో ఎవరికి తెలుసు? చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటుందని, బొటనవేలు పై మూలదాకా పోదని, అక్కడ బొత్తాం పెట్టినవాడు ఎన్నడూ బిడ్డను ఎత్తుకుని ఉండడని ఆమెకు తెలుసు. మిట్టఎండలో బూడిదరంగు అక్షరం మాయమైపోతుందని తెలుసు. ఒకే యాప్ ఐఫోన్‌లో మర్యాదగా, పక్క ఫోన్‌లో మొరటుగా ఎందుకు ఉంటుందో కూడా తెలుసు. రెండింటినీ ఒకే మనసుతో చెయ్యకపోవడం వల్ల అట్లా అవుతుంది. ఇవన్నీ చెప్పి ఉండవచ్చు. కానీ అప్పుడు చాయ్ చల్లారిపోతోంది.

ఈసారి వచ్చిన పని హనుమకొండలోని ఒక పెద్ద దవాఖానది. షుగర్ పేషెంట్ల కోసం యాప్ చేయించుకుంటున్నారు. తినే ముందు ఇంట్లోనే వేలు పొడుచుకుని మిషన్‌లో వచ్చిన అంకె ఫోన్‌లో వేస్తే, ఆ పూట మాత్ర వేసుకోవాలో వద్దో అది చెబుతుంది. రెండు రకాల ఫోన్లలోనూ డిజైన్ ఎట్లా ఉందో పోల్చి, పదికి మార్కులేసి, సోమవారం మీటింగ్‌లోగా రిపోర్టు ఇవ్వమన్నారు. ఇవ్వవలసింది సుకన్య.

ఐఫోన్‌లో యాప్ ముచ్చటగా ఉంది. అంకె వెయ్యగానే తెర కొద్దిగా రంగు మారి, కింద తెలుగులో పెద్దగా, నిదానంగా వాక్యం వస్తోంది. ఆఫీసు ఆండ్రాయిడ్‌లో అంత అందం లేదు, అయినా పని జరుగుతోంది. ఏడు వెయ్యవచ్చు అనుకుంది. కానీ ఆ ఫోను ఆఫీసువాళ్ళు కొన్న ఖరీదైన ఫోను. షుగర్‌తో దవాఖాన లైన్లో కూర్చునే వాళ్ళ చేతుల్లో అది ఎంతమందికి ఉంటుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగమనలేదు. ఆమెకే తోచింది.

శనివారం మధ్యాహ్నం అత్త దగ్గరికి పోయింది. అత్తకూ షుగర్ ఉంది. “అత్తమ్మా, జర మీ ఫోనియ్యుండ్రి. ఒకటి చూడాలె.”

కట్టమ్మది చవక ఆండ్రాయిడ్. రాంప్రసాద్ ఐఫోన్ కొనుక్కున్న నాడే తల్లికి అది తెచ్చిచ్చి, “ఇంట్ల ఉండేదానికి ఇది చాలు,” అన్నాడు. కట్టమ్మ మూడో తరగతి దాకా చదివింది. కళ్ళకు ఆనదని అక్షరాలు ఉన్నంతలో పెద్దవి చేయించుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకే చదువుతుంది. సుకన్య యాప్ ఎక్కించి, పరీక్ష కోసం అరవై రెండు అని వేసింది. షుగర్ అంత తక్కువుంటే మాత్ర జోలికి పోకూడదు. తెర మీద వాక్యం వచ్చింది. కట్టమ్మ కళ్ళు చిట్లించుకుని చదివింది.

“ఈ పూట… మాత్ర… వేసుకో.” ఆమె చెయ్యి పక్కనున్న మాత్రల డబ్బా మీదికి పోయింది. “సరే, వేసుకుంట.”

సుకన్య ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫోన్ లాక్కుని చూసింది. ఐఫోన్‌లో ‘ఈ పూట మాత్ర వేసుకోవద్దు’ అని రెండు వరుసల్లో వచ్చిన వాక్యం, ఈ ఫోన్‌లో ఒకే వరుసలో ఇమడక చివర తెగిపోయింది. ‘వేసుకో’ దగ్గర ఆగి, ఆ తర్వాత మూడు చుక్కలు. వద్దు అనే మాట తెర అంచున మాయమైంది.

మాత్రల డబ్బాను అత్త చేతికి అందకుండా జరిపింది. రెండేళ్ళ కింద మేడారం పోయి వస్తూ బస్సులో అత్త షుగర్ పడిపోయి కళ్ళు తేలేసింది. నోట్లో చక్కెర పోసి, చెంపలు తట్టుకుంటూ ములుగు దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది తనే.

“ఏమైంది బిడ్డా?” అంది కట్టమ్మ.

“వేసుకోవద్దని ఉంది అత్తమ్మా. మీకు కనవడ్తలేదు, అంతే.”

ఆదివారం జాన్సన్‌కు ఫోన్ చేసింది. ఆండ్రాయిడ్ యాప్ రాసేది అతనొక్కడే. నడివయసు మనిషి, మెత్తనివాడు. చర్చి నుంచి అప్పుడే ఇల్లు చేరాడు. ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు.

“నిజమే చెల్లె. ఐఫోన్‌కు హైదరాబాద్‌ల డిజైనర్‌ను వెట్టిండ్రు, రెండు నెల్లు టైమిచ్చిండ్రు. నాకు పది రోజులు. ఆ డిజైనర్ గీసిన బొమ్మలు చూసి ఇందుల అతికిచ్చిన. చిన్న ఫోన్లల్ల చూసుడు కాలే. సరిచేసుడుకు మూడు వారాలన్న పడ్తది.”

సుకన్య రిపోర్టు రాసింది. ఐఫోన్: తొమ్మిది. ఆండ్రాయిడ్: మూడు. కారణం ఒక్క వాక్యంలో రాసి, అత్త ఫోన్ తెర ఫొటో జతచేసి పంపింది.

సోమవారం పొద్దున్నే హరికృష్ణ పిలిచాడు. కంపెనీ యజమాని అతనే. రాంప్రసాద్‌తో కలిసి చదువుకున్నాడు. ఆ పరిచయంతోనే ఆమెను పనిలో పెట్టుకున్నానని సంవత్సరానికి రెండుసార్లయినా గుర్తుచేస్తుంటాడు.

“డిజైన్ అంటే కలర్లు, ఐకాన్లు చూడాలె మేడం. అక్షరం తెగితే అది ఆ ఫోన్ తప్పు. చుక్కలున్నయి గద, ఇంక మాట ఉన్నదని అర్థం.”

“ఆ చుక్కల సంగతి మా అత్తమ్మకు తెల్వదు సార్. మాత్ర తీసుకోవోయింది.”

“ఒక్క ముసలామె కోసం లాంచింగ్ ఆపుతమా? మీరు జర ఎమోషనల్ అయితున్నరు. ఇంట్ల ఏమన్న టెన్షనా?” అని నవ్వాడు. ఆమె చూస్తుండగానే మూడును చెరిపి ఎనిమిది చేశాడు. కారణం రాసిన వాక్యం, ఫొటో తీసేశాడు. కింద ‘పరీక్షించినవారు: సుకన్య’ అన్నది మాత్రం ఉంచాడు. “మీరు కూడా రాండ్రి దవాఖానకు. డాక్టరు లేడీ, మన దిక్కు కూడా ఒక లేడీ ఉంటే మంచిగుంటది.”

బయటికొచ్చి మొగుడికి ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలీదు, ఒక్క మనిషైనా అవునంటే బాగుండుననేమో. “సారే మార్చిండు గద, నీకేం పోయింది?” అన్నాడు రాంప్రసాద్. “కింద నీ పేరు ఎవడు చదువుతడు? వానితోని నాకు దోస్తాన్ ఉంది, చెడగొట్టకు.”

నీ పేరు ఎవడు చదువుతడు. మెట్ల మీద నిలబడి ఆ మాటను మళ్ళీ మళ్ళీ అనుకుంది సుకన్య. పెళ్ళిపత్రిక మీద ఆమె పేరు అచ్చుతప్పు పడితే, ఏం కాదులే అన్నారు. ఇంటి కరెంటు బిల్లు మీద లేదు, గేటు మీది పలక మీద లేదు. ఆరేళ్ళలో ఆమె పేరు నిలబడిన చోటు ఈ రిపోర్టుల అడుగున ఒక్కటే, అక్కడ ఇన్నాళ్ళూ అబద్ధం లేదు. రేపు ఏ ఊళ్ళోనో ఏ ముసలామో వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుని, తనకు చెప్పారు గదా అని మాత్ర మింగుతుంది. పక్కన చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉండరు. ఆ మాత్ర తన పేరు మీద మింగుతుంది. అప్పుడు ఆ పేరు అందరూ చదువుతారు.

ఆఫీసుకు రెండు వీధుల అవతలే ఇల్లు. దవాఖానకు బయలుదేరే లోపు ఇంటికి నడిచి వెళ్ళింది. “అత్తమ్మా, మీ ఫోను సాయంత్రం దాకా నా దగ్గర ఉంటది,” అంది. “తీస్కపో, నాకెవరు చేస్తరు,” అంది కట్టమ్మ.

మీటింగ్‌లో డాక్టర్ సరస్వతి, దవాఖాన వాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. హరికృష్ణ తన ఐఫోన్‌లో యాప్ చూపించాడు. రంగులు మారాయి, వాక్యం చక్కగా వచ్చింది. అందరూ బాగుందన్నారు. “రెండు ఫోన్లల్ల సేమ్ క్వాలిటీ మేడం. తొమ్మిది, ఎనిమిది,” అని రిపోర్టు కాగితం డాక్టర్ ముందుకు జరిపాడు. “సుకన్యా, జర చాయ్ చెప్పుండ్రి,” అన్నాడు తల తిప్పకుండానే.

సుకన్య లేచింది. చాయ్ చెప్పడానికి తలుపు దిక్కు పోలేదు. టేబుల్ చుట్టూ నడిచి, కట్టమ్మ ఫోన్‌ను డాక్టర్ ముందు పెట్టింది.

“మేడం, ఇందుల అరవై రెండు వేసి చూడుండ్రి. బయట లైన్ల కూసున్నోళ్ళ దగ్గర ఇసొంటి ఫోన్లే ఉన్నయి.”

హరికృష్ణ ఏదో అనబోయాడు. డాక్టర్ అప్పటికే అంకె వేసింది. తెర చూసింది. ఇంకోసారి వేసింది. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఆ నాలుగు మాటలు చదివింది.

“ఎనిమిది ఎవరేసిండ్రు?” అని అడిగింది కాగితం తిప్పి చూసి. “కింద సుకన్య అనుంది. మీరేనా?”

“పేరు నాది మేడం. ఆ మార్కు నాది కాదు. నేనేసింది మూడు.”

ఆ రోజు యాప్ విడుదల కాలేదు. సరిచేసి తెండి, ఈమె మళ్ళీ చూసి సరే అంటేనే తీసుకుంటాం అన్నది డాక్టర్. తిరిగి వస్తూ హరికృష్ణ కారులో ఎక్కమని అనలేదు. సుకన్య షేర్ ఆటోలో ఆఫీసుకు వచ్చి తన కుర్చీలో కూర్చుని, మిగిలిన పని చేసుకుంది. జాన్సన్ వచ్చి ఏమీ అనకుండా టేబుల్ మీద రెండు అరిసెలు పెట్టి పోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కథంతా రాంప్రసాద్‌కు చేరింది. చొక్కా కూడా విప్పకుండా హాల్లో నిలబడి ఉన్నాడు.

“నా ఇజ్జత్ తీసినవు. వాడు నాకు ఫోన్ చేసి ఏమన్నడో తెలుసా? నీ భార్యకు మనుషుల నడుమ మాట్లాడుడు నేర్పుమన్నడు.”

“ఆ ఫోన్ మాట నేను ఇనుంటే పొయ్యేదాన్ని గదరా,” అంది మంచం మీది నుంచి కట్టమ్మ. “ఈమె చెయ్యి వట్టి ఆపింది. ఇజ్జత్ ఎవలిది పోయింది?”

“నువ్వుండే అమ్మా.” అతను అప్పటికే ఐఫోన్‌లో నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. ఆ ఫోన్‌ను సుకన్య మొహం ముందుకు చాపాడు. “సారీ చెప్పు. ఒక్క మాట. అంతా అయిపోతది.”

అవతల హరికృష్ణ ఎత్తాడు. “ఆ, చెప్పు రామూ.”

సుకన్య ఫోన్‌ను మొగుడి చేతిలోంచి తీసుకుంది. చల్లగా, నున్నగా, చేతికి బాగా అమరింది. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో తను చెప్పిన సారీలన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. కూర మాడినందుకు, ఆఫీసులో ఆలస్యమైనందుకు, జ్వరం వచ్చినందుకు, ఎదుటివాళ్ళు తప్పు చేసినప్పుడు చూసినందుకు. వాటిలో ఏ ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

“సార్, నేను సుకన్య. జాన్సన్ అన్నకు మూడు వారాలు, నాకు అయిదు చవక ఫోన్లు ఇయ్యుండ్రి. కొత్తది వచ్చినంక ఆ మూడు మారుతదో లేదో అప్పుడు చూస్త.”

ఫోన్ పెట్టేసి రాంప్రసాద్ చేతికిచ్చింది.