ఆరని మేడగది దీపం

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని కొంత భయం, జవాబు చెప్పేస్తారేమోనని ఇంకొంత భయం.

మా ఇంట్లో ఫ్యూజు పోతే హాలు, వంటగది, పడకగది అన్నీ చీకటైపోతాయి. మేడ మీద గదిలో, నేను ప్రార్థన చేసుకునే మూల, చిన్న బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఎందుకు?

నేను కర్ర డిపోలో దుంగల కొలతలు చూసేవాణ్ణి. పెద్ద చదువు లేదు. మొదటిసారి ఆ బల్బు అలా వెలగడం చూసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ఆ రోజు నుంచి నా ప్రార్థన ఆ గదిలోనే. వీధి మొత్తానికి కరెంటు పోతే మాత్రం ఆ బల్బూ ఆరిపోయేది. అందరూ చీకట్లో ఉంటే దేవుడొక్కడే వెలుగులో ఎందుకు కూర్చుంటాడు అని సరిపెట్టుకున్నాను.

ఎప్పుడో అరుదుగా, ఇల్లంతా వెలుగుండి ఆ గదిలో బల్బు ఒక్కటే కొండెక్కేది. అప్పుడు నేను చేసిన తప్పేమిటా అని వెతుక్కునేవాణ్ణి. వెతికితే దొరక్కుండా ఎలా ఉంటుంది? ఒకసారి లారీ డ్రైవరుని విసుక్కున్న సంగతి గుర్తొచ్చింది. మర్నాడు అతన్ని పిలిచి టీ ఇప్పించి, మనసులో పెట్టుకోవద్దన్నాను. అతను బిత్తరపోయి, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్బు వెలుగుతోంది. ఇంకేం కావాలి?

ఈ కథంతా కదిలింది మా ఆవిడ పాఠం వల్ల. తను కుట్టుపని నేర్పే టీచరు. పనిచేసే బడి మూతపడి ఏడాదిపాటు ఖాళీగా కూర్చుంది. ఖాళీగా అంటే ఇంట్లో కర్టెన్లన్నీ రెండుసార్లు విప్పి కుట్టింది. చివరికి ఇంకో సంస్థ వాళ్లు, ఇంట్లోంచే వీడియోలో కటింగ్ నేర్పమని అడిగారు. ముందు ఒక పాఠం చెప్పించి చూస్తామన్నారు. మిషనూ, బట్ట పరిచే బల్లా పట్టే చోటు మేడగదే. ఇంటర్నెట్టు డబ్బా మాత్రం కింద హాల్లో ఉంది. మావి రాతి గోడలు. నెట్టు మెట్ల మలుపు దాకా వచ్చి అక్కడే కూలబడుతుంది.

మొదటి పాఠంలో జాకెట్టు బట్టకి చంక దగ్గర కత్తెర పెట్టగానే వీడియోలో బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి, కత్తెర ఎత్తి పట్టుకున్న మా ఆవిణ్ణి పిల్లలంతా చాలాసేపు చూస్తూ కూర్చున్నారట. సంస్థ వాళ్లు మంచివాళ్లు. సోమవారం ఇంకొక్కసారి చూస్తామన్నారు. అప్పుడూ ఆగితే ఇంకొకర్ని చూసుకుంటామని కూడా చెప్పారు.

నేను పొడుగాటి తీగ కొనుక్కొచ్చి డబ్బా దగ్గర్నుంచి మెట్ల మీదుగా పైదాకా పరిచాను. ముందుగా దానికి కాలు తగిలి పడబోయింది మా అన్నయ్య. అన్నయ్య పక్కింట్లోనే ఉంటాడు. రెండిళ్లకీ మధ్యగోడ ఒకటే. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక, రోజూ పొద్దున్నే మా పేపరు ముందుగా చదవడం ఉద్యోగంగా పెట్టుకున్నాడు.

"ఒరేయ్, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి ఒక్క గీత పడలేదురా నాకు. నీ మెట్ల దగ్గర పోయేలా ఉన్నాను" అన్నాడు గోడ పట్టుకుని.

"నా మెట్ల మీద తీగ ఉండకూడదు. తీసేయండి" అంది మా ఆవిడ.

"మరి పాఠం?" అన్నాను.

"కొట్టువాడు ఒకటి చెప్పాడు. చిన్న చిన్న డబ్బాలట. ఒకటి నెట్టు డబ్బా పక్కన ప్లగ్గులో పెట్టాలి, ఇంకోటి పైగదిలో ప్లగ్గులో. గోడల్లో కరెంటు తీగ ఉందిగా, అదే నెట్టుని కూడా మోసుకెళుతుందట. కొత్త తీగ అక్కర్లేదు."

"కరెంటుతో కలిసా? రెండూ కలిసిపోవూ?"

"ఒకే బస్సులో మీరూ నేనూ ఎక్కితే కలిసిపోతున్నామా? ఎవరి స్టాపులో వాళ్లు దిగుతాం" అంది. అన్నయ్య సంతోషంగా తలూపాడు. బస్సు మాటొస్తే ఆయనకి అన్నీ అర్థమవుతాయి.

శనివారం సాయంత్రం ఆ డబ్బాలు తెచ్చింది. మూడు కలిపి ఒకే పెట్టెలో ఉన్నాయి. ఒకటి హాల్లో పెట్టి, రెండోది వంటగదిలో పెట్టి చూస్తే ఆకుపచ్చ దీపం వెలిగింది. పడకగదిలోనూ వెలిగింది. మేడగదిలో ఎర్రగా ఉండిపోయింది. తీసి పెట్టినా, తుడిచి పెట్టినా, నేను కళ్లు మూసుకుని పెట్టినా ఎరుపే.

"మీ దేవుడికి కటింగ్ క్లాసు ఇష్టం లేనట్టుంది" అంది.

నవ్వుతూనే అంది గానీ, కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే నాకు మనసు చివుక్కుమంది. బల్ల మీద సోమవారం పాఠానికి కత్తిరించిన కాగితాలు వరసగా పెట్టుకుంది. వాటిని ఒక్కొక్కటే మళ్లీ కవరులో పెట్టడం మొదలుపెట్టింది.

అంతలో ఏదో తోచినట్టు ఆగింది. "కింద అన్నిచోట్లా పనిచేస్తోంది. ఇక్కడే లేదు. ఈ గదికి కరెంటు ఏదైనా వేరే దారిన వస్తోందా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. ఫ్యూజు పోయినా ఆరని బల్బు, బల్బు ఆరితే నేను చెప్పుకునే క్షమాపణలు, లారీ డ్రైవరు, అన్నీ చెప్పాను. మా ఆవిడ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి సరిపోలేదు. బట్ట పరిచే బల్ల మీద తల వాల్చి నవ్వింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు ఇలా నవ్వుతావని."

"సరే, కిందికెళ్లి మన మెయిన్ ఆపండి."

ఆపాను. ఇల్లంతా చీకటి. పైనుంచి, "మీ దేవుడు వెలుగుతూనే ఉన్నాడు" అని కేక వినబడింది. తర్వాత కిటికీలోంచి పక్కింటి వైపు కేకేసింది. "బావగారూ, మీ మెయిన్ ఒక్కసారి ఆపుతారా?"

అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు, రేడియో గొంతు పెంచాడు. కాసేపటికి వదిన గొంతు వినబడింది. "ఆపండి, ఇంకెన్నాళ్లు దాస్తారు?"

రేడియో ఆగింది. మేడగదిలో బల్బూ ఆరింది.

అన్నయ్య టార్చి పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వెనకే వదిన.

"ఆ గది కట్టేటప్పుడు నువ్వు డిపో పని మీద ఊళ్లో లేవురా. మీ మీటరు ఇంకో గది బరువు మోయలేదన్నాడు కరెంటువాడు. పెద్ద మీటరు వచ్చేదాకా మా ఇంట్లోంచి లాక్కోమన్నాను. తర్వాత మార్పిద్దామనుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చి, 'అన్నయ్యా, ఫ్యూజు పోయినా ఆ దీపం ఆరలేదు' అన్నావు. కళ్లనిండా నీళ్లు. ఆ మొహం చూసి నా మీటరురా అది అని ఎలా చెప్పను?"

"అంటే ఇన్నాళ్లూ నేను దణ్ణం పెట్టింది..."

"నాకే. ఇప్పుడైనా ఎదురుగా పెట్టు" అన్నాడు కాళ్లు ముందుకి చాపి.

వదినకి ఇంకో సంగతి వెలిగింది. "అయితే నేను హీటరూ ఇస్త్రీపెట్టే ఒకేసారి పెట్టి మా ఫ్యూజు పోగొట్టినప్పుడల్లా..."

"ఈయన ఎవరికో ఒకరికి క్షమాపణ చెప్పుకునేవారక్కయ్యా" అంది మా ఆవిడ.

"అయ్యో, తెలిస్తే ఇంకాస్త తరచుగా పెట్టేదాన్ని. మరిది ఇంకా మంచివాడయ్యేవాడు."

నవ్వులయ్యి, రెండిళ్ల మెయిన్లూ మళ్లీ వేశాక సోమవారం గుర్తొచ్చింది. గదిని మా మీటరుకి మార్చాలంటే కరెంటువాడు రావాలి, గోడ కొట్టాలి. సోమవారంలోగా అయ్యే పని కాదు. మా ఆవిడ హాల్లోకి వెళ్లి నెట్టు డబ్బా ముందు నిలబడింది. డబ్బా ఉన్న గూడు మధ్యగోడలోదే. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ అగ్గిపెట్టెలు ఇటూ అటూ తోసుకున్న కన్నం ఇంకా అక్కడే ఉంది.

"మేడగది కరెంటు బావగారి ఇంట్లోదైతే, నెట్టుని కూడా బావగారి ఇంట్లోంచే ఎక్కిద్దాం" అంది. నెట్టు డబ్బాకి తగిలించిన మూరెడు తీగని కన్నంలోంచి అటు తోసింది. అటుపక్క ప్లగ్గులో ఒక చిన్న డబ్బా పెట్టి, తీగ దానికి తగిలించి నేను పైకి పరిగెత్తాను. రెండోది ప్లగ్గులో పెట్టాను.

ఎరుపు. కాస్త ఆలోచించుకుని, ఆకుపచ్చ.

సోమవారం పాఠం మొదటినుంచి చివరిదాకా సాగింది. నేను గుమ్మం బయట కూర్చుని విన్నాను. చంక దగ్గర కత్తెర పెట్టినప్పుడు ఊపిరి బిగబట్టాను. కత్తెర శబ్దం ఆగలేదు. వచ్చే నెల నుంచి క్లాసు తనదేనని వాళ్లు అప్పుడే చెప్పేశారు.

సాయంత్రం అన్నయ్య దగ్గరికి వెళ్లి, ఇన్నేళ్ల కరెంటుకి ఏమివ్వమంటావని అడిగాను.

"ఒక బల్బు, ఒక ఫ్యాను. దానికి లెక్కేమిట్రా, పో" అన్నాడు.

పోలేదు. తీసుకున్నది ఇవ్వకుండా ఆ మూల కూర్చోలేను. నాకు తెలియకుండా ఒకరు నాకోసం దీపం వెలిగిస్తూ, ఆ పేరు కూడా దేవుడికే వదిలేస్తే, అది మహిమ కాదని ఎలా అనాలో ఇప్పటికీ నాకు తెలియదు. మూల మాత్రం మార్చలేదు. మిషను పక్కనే ఉంది.

అప్పుడు వదిన మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. అన్నయ్య ఇంట్లో నెట్టు పెట్టించడు, ఆ గోల తనకొద్దంటాడు. వదిన చెల్లెలితో మాట్లాడాలంటే మా కిటికీ చువ్వలు పట్టుకోవాలి. "ఇదిగో, మళ్లీ ఆగింది దీని మొహం" అని విసుక్కుంటోంది.

పెట్టెలో మూడో డబ్బా మిగిలి ఉంది. దగ్గరున్న ఫోన్లకి నెట్టు అందించే రకం అది. తీసుకెళ్లి వదిన వంటగదిలో పొయ్యి పక్క ప్లగ్గులో పెట్టాను. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఏమిట్రా అది?"

"నువ్విచ్చిన తీగ మీద వెనక్కి పంపిస్తున్నాను."

వదిన ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించి, పీట లాక్కుని కూర్చుంది. చెల్లెలి మొహం కదులుతోంది, నవ్వుతోంది, ఎందుకంత దగ్గరగా కూర్చున్నావని అడుగుతోంది. అన్నయ్య వంగి ఆకుపచ్చ దీపాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. చూసి, ఎవరూ తనని చూడటం లేదనుకుని, చెయ్యెత్తి చిన్న దణ్ణం పెట్టాడు.