చెట్టెక్కే ముందు కేక

పలాస జీడిపప్పు కంపెనీలో ప్రమోదిని పప్పు తొక్క తీసేది. పొద్దున ఆటో ఎక్కితే మళ్లీ వజ్రపుకొత్తూరు చేరేసరికి చీకటి పడేది. రెండో తరగతి చదివే కూతురు సాహిత్య బడి వదిలాక తాళం వేసిన గుమ్మం ముందు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మొగుడు శ్రీకాంత్‌ది ఒడిశాలో, పారాదీప్ రేవులో పని.

ఒకనాడు వానకు తడిసి పిల్ల గుమ్మం ముందే నిద్రపోయింది. పక్కింటి అప్పలమ్మ లోపలికి తీసుకెళ్లి తల తుడిచింది.

"కంపెనీ నీకు కూడెడతాది. నీ పిల్లగుంటకెవలెడతారే?" అంది, ప్రమోదిని రాగానే.

చెట్లెక్కే మగవాళ్లు పనులకని ఊళ్లు వదిలిపోతున్నారు. మెషిన్‌తో కొబ్బరిచెట్టు ఎక్కడం టెక్కలిలో నేర్పుతున్నారంటే ప్రమోదిని కంపెనీ మానేసి వెళ్లింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో ఆడది తనొక్కతే. చెట్టుకు రెండు ఇనప చట్రాలు బిగించి, పాదాలు వాటిలో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పైకి జరుపుకుంటూ పోవాలి. మొదట తొడలు పట్టేశాయి. పైకెళ్తే కళ్లు తిరిగేవి. తర్వాత తిరగడం మానాయి. ప్యాంటూ చొక్కా తొడుక్కోమంటే తొడుక్కుంది. పొద్దున్నే కాయలు దింపితే బడి వదిలే వేళకు ఇంట్లో ఉండొచ్చు. ఆమెకు కావలసింది అదే.

"ఆడదానివి సెట్టెక్కుతావేటే? ఊల్లో నా తల నరికేత్తన్నావు," అన్నాడు శ్రీకాంత్ ఫోన్లో.

"నీ తల పారాదీప్‌లో ఉంది కదా, ఇక్కడెవలు నరుకుతారు?"

అతను ఫోన్ పెట్టేశాడు.

మొదటి పని ఢిల్లీరావు ఇచ్చాడు. వరసకు చిన్నమామ. ఇళ్ల మధ్య ఉన్న అతని చెట్ల నుంచి కాయలు పెంకుల మీద పడుతున్నాయి, దింపేవాడు దొరకలేదు.

"సూసుకుని ఎక్కు కోడలా. నువ్వు పడితే మీ అత్త నా పీక నొక్కేత్తాది."

ఆ ఊళ్లో ఎవడు చెట్టెక్కినా ముందు చెట్టు మొదలు దగ్గర నిలబడి కేకేస్తాడు. పైనుంచి పెరళ్లన్నీ కనబడతాయి. దడి చాటున స్నానం చేసే ఆడవాళ్లు కేక విని లోపలికి పోతారు. ప్రమోదిని కేక వెయ్యలేదు. తానూ ఆడదే కదా అనుకుంది.

గెలకు కత్తి ఆనించేసరికి కింద కేక వినబడింది. పక్క పెరట్లో దడి చాటున స్నానం చేస్తున్న వసంత తలెత్తి చూసి వేసిన కేక అది. పైన ప్యాంటు, చొక్కా, తలకు చుట్టిన తువ్వాలు. మగవాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చారు.

"ఎవడ్రా పైన? దిగు!"

"నానే, ప్రమోదినిని," అంది. గాలికి వినబడలేదు.

దిగాక అప్పలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ, నువ్వేటే! కేకెయ్యకుండా ఎక్కేసినావేటే?"

"ఆడదాన్నే కదా పిన్నీ."

"అది మాకెలా తెలుత్తాది? కిందనుంచి సూత్తే పేంటే కనబడతాది."

కర్రలు పట్టుకున్నవాళ్లు నవ్వారు. తడి జుట్టుతో బయటికొచ్చిన వసంత నవ్వలేదు.

"నువ్వైతే మాత్రం సూత్తావేటి వదినా?" అని తలుపేసుకుంది.

ఢిల్లీరావు గొంతు తగ్గించాడు. "ఈ గొడవ నాకొద్దు కోడలా. మెషినిప్పేయ్."

సొంత ఊళ్లో పని పోతే పక్క ఊళ్లో ఎవరూ పిలవరు. మళ్లీ కంపెనీ, మళ్లీ గుమ్మానికి తాళం. ప్రమోదిని మెషిన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"కేకేసి ఎక్కుతాను మావా."

"ఆడది కేకెయ్యడమేటే?"

"మగోడెందుకేత్తాడో అందుకే."

అతను మిగిలిన చెట్ల వంక చూశాడు. పగిలిన పెంకుల వంక చూశాడు. "ఎయ్యి, సూద్దాం."

ప్రమోదిని చెట్టు మొదలు దగ్గర నిలబడింది. ఊపిరి పీల్చి అరిచింది.

"సెట్టెక్కుతన్నానూ... లోపలికెల్లండో..."

తలుపులు పడ్డాయి. కొళాయి దగ్గర వాళ్లు నిండని బిందెలెత్తుకుని లోపలికి పోయారు. అప్పలమ్మ కూడా పోయింది. ప్రమోదిని పైకెళ్లి చూస్తే పెరళ్లు, వాటి అవతల సముద్రం. మనిషి లేడు.

పని ఆగలేదు. పక్క ఊళ్ల నుంచీ పిలుపులొచ్చాయి. అయితే, కేకేస్తే లోపలికి పోయినవాళ్లు ఆమె దిగాక కూడా వెంటనే బయటికి వచ్చేవారు కాదు. కాయలు ఒక్కతే ఏరి కుప్ప పోసేది. మంచినీళ్లు కావాలంటే ఏ తలుపు కొట్టాలో తోచేది కాదు. ఇంటి నుంచి సీసా తెచ్చుకోవడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు బడి వెనక తోటలో కాయలు దింపి, గంట కొట్టకముందే గేటు దగ్గరికెళ్లి నిలబడింది. సాహిత్య పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీ కేక మా తరగతిలోకి వినబడింది. టీచరు లేచెల్లి కిటికీ ఏసేసింది."

"నువ్వేటన్నావు?"

"మా అమ్మేనండీ అన్నాను."

"అప్పుడు?"

"అయినా ఏసేసింది."