కషాయం సాళ్లు

నేను ఒక పురుగుమందు పంపును. పట్నం శివారు కార్ఖానాలో నీలం ప్లాస్టిక్ కరిగించి నన్ను పోతపోశారు. కొన్నాళ్లు ఒక దుకాణం గోడకు వేలాడాను. తరువాత పదకొండేళ్లు ఓదెలు అనే రైతు వీపు మీద బతికాను. మనుషులు విచిత్రమైనవాళ్లు. పురుగుకు భయపడి మందు కొడతారు, కొట్టాక ఆ మందుకే భయపడి మూడుసార్లు చేతులు కడుక్కుంటారు.

ఓదెలు భార్య శంకరమ్మకు ఏదైనా తానే తేల్చుకోవాలని పట్టుదల. వేపగింజల కషాయంతో పత్తి నిలబడుతుందా? ఎవరో చెబితే నమ్మదు. తమ ఎకరంలోనే మూడు చోట్ల ఆరేసి సాళ్లకు ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతింది. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే రోజు కలుపు. ఆ సాళ్లకు కషాయం, మిగతా చేనుకు మందు, అంతే తేడా. మందు తాగిన పంపు కషాయానికి పనికిరాదని కొత్త పంపు కొనుక్కొచ్చింది. నన్ను అటు రానివ్వలేదు.

“ఆకు ఎర్రవడ్డా సరే, నువ్వు చెయ్యి వెట్టకు. ఓడితే ఓడినట్టే రాసుకుందం,” అని మొగుడికి గట్టిగా చెప్పింది.

భాద్రపదంలో ఆకుల రసం పీల్చే పచ్చదోమ దిగింది. కషాయం సాళ్లలో ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. పక్క చేను కనకయ్య గట్టు మీద నిలబడి, “ఏం ఓదెలన్నా, పత్తి పండిస్తున్నవా, పురుగులను మేపుతున్నవా?” అని నవ్వాడు. ఓదెలుకు అన్నం సయించలేదు. శంకరమ్మ చెల్లెలి ఊరికి వెళ్లిన రోజు నన్ను వీపుకెత్తుకున్నాడు. అతని గుండె దడ నా డబ్బాకు తగులుతూనే ఉంది. ఎర్రగుడ్డల మధ్యకు అడుగుపెట్టాడు. వద్దురా నాయనా అని అరవాలనిపించింది. పద్దెనిమిది సాళ్లనూ మందుతో తడిపేశాడు.

పత్తి ఏరాక కషాయం సాళ్లది, పక్కనున్న పద్దెనిమిది మందు సాళ్లది వేర్వేరుగా కాంటా పెట్టారు. రెండూ సమానం! శంకరమ్మ ఊరి రైతులను పిలిచి తన నోటుబుక్కు చదివి వినిపించింది. ఆమె సంబరం చూస్తుంటే నాకు భయమేసింది. మొన్న నవ్విన కనకయ్యే ముందుగా లేచాడు.

“వదినా, నాది కౌలు చేను. పంట పోతే నేనిగ లేవ. అయినా నీ పరీక్ష మీద నాకు నమ్మకమున్నది. వచ్చే యేడు మూడెకరాలకూ కషాయమే కొడత.”

ఓదెలు నేల చూస్తూ కూర్చున్నాడు. కషాయానికి అంత బలం ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు. నాకు నోరు లేదు. ఉన్నవాడు విప్పలేదు.

ఆ తరువాత నన్ను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాడు. చివరికి తెచ్చి ఈ పాత సామాన్ల దుకాణంలో పడేశాడు. తుక్కయిపోతానని నాకు దిగులు లేదు. తొలకరి పడింది, విత్తనాలు పెడుతున్నారు, నా భయమంతా అదే. ఈలోగా ఓదెలు నిజం చెప్పేసి ఉంటాడని రోజూ ఆశపడ్డాను.

ఇవాళ పొద్దున కనకయ్య వచ్చాడు. బాగా పనిచేస్తున్న తన మందు పంపును నా మీదికి విసిరి, కొత్త పంపు వీపున వేసుకుని, ఈల వేసుకుంటూ చేను వైపు వెళ్లాడు.