తెల్ల మట్టి అతుకు

బ్లేడు దిగింది. గాజులా తేటగా ఉన్న మెత్తటి ముద్ద రెండయింది.

వెంటనే లవీనా రెండు ముక్కలనీ ఆనించి పట్టుకుంది. వేళ్ళు తీసింది. ముద్ద మళ్ళీ ఒక్కటే.

మధ్యన సన్నని గీత — వెంట్రుకంత.

"లాగి చూడు నాన్నా."

దేవప్రసాద్ లాగాడు. సాగింది. తెగలేదు.

కాలేజీ ల్యాబులో చేసి తెచ్చింది. చాలావరకు నీళ్ళే. ఆ నీళ్ళలో మట్టి, కంటికి ఆనని రేకులుగా. రేకుకీ రేకుకీ మధ్య దారాల్లాంటి అణువులు. కోస్తే పట్టు వదులుతాయి. కలిపితే మళ్ళీ పట్టుకుంటాయి.

ఒకటే షరతు. కోసిన వెంటనే కలపాలి.

"ఆలస్యమైతే?"

"అతకదు."



వండూర్, దీవిలో సముద్రపుటంచు ఊరు. గట్టుకి అవతల ఉప్పుటేరు. ఇవతల వాళ్ళకి మిగిలిన ఒక్క మడి. మిగతా పొలం సునామీనాడు నేలతో పాటు కుంగింది... సముద్రం కిందే ఉండిపోయింది.

ఆ ఆదివారం భూమి ఊగింది. గట్టు చీలింది. గట్టు కింద బతికేవాళ్ళకి ముందు గుర్తొచ్చేది గట్టే. కోతకొచ్చిన వరిలోకి ఉప్పునీళ్ళు పోతాయని, చర్చికి కట్టుకున్న చీర ఎగ్గట్టి, లవీనా తల్లి దయావతి మట్టితట్ట ఎత్తుకుంది.

తర్వాత సముద్రం వచ్చింది.

తట్ట దొరికింది.

పసిపిల్ల లవీనాని పట్నం పక్కన డాలీగంజ్‌లో పిన్ని పెంచింది. దేవప్రసాద్ గట్టు దగ్గరే ఉండిపోయాడు. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా అక్కడే చీలుతుంది. అక్కడే మట్టి మెత్తుతాడు.

తనతో రమ్మని లవీనా అడుగుతూనే ఉంది. ఈసారి మాటిచ్చాడు.

"ఈ పున్నమి పోటుకి గట్టు తెగిందా... బస్, అంతే! నీతో డాలీగంజ్ వచ్చేస్తాను."

గట్టు నిలబడితే — రాడు.

మర్నాడు, పున్నమి పొద్దున, గట్టు చీలికకి ముద్ద కలపడానికి లవీనా బావి నీళ్ళు తోడింది. అమ్మ తవ్వించిన బావి. ల్యాబు నుంచి తెచ్చిన తెల్ల మట్టి పొడి కలిపింది. సీసాలోని జిగురు పోసింది.

ముద్ద కట్టలేదు. పలుకులు పలుకులుగా విడిపోయింది.

"ఏటమ్మా ఇది, పాలు ఇరిగిపోనాయేటి?"

లవీనా బావినీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. ఉప్పు తగిలితే రేకులు గుంపు కడతాయి. అడుక్కి పోతాయి.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"అప్పట్నుంచే."

"చెప్పలేదేం?"

"తవ్వించింది మీ అమ్మ. ఉప్పని ఎవరికి సెప్పమంటావు బేటీ?"

బకెట్‌లో విరిగిన మట్టి. దాన్నే చీలికలో కూరినా ఆయనకి తేడా తెలియదు. మధ్యాహ్నంలోపు పోటు గట్టుని తెంచేస్తుంది. సాయంత్రం బస్సులో పక్క సీట్లో నాన్న.

అంత సులువు.

వసారా కింద డ్రమ్ములో వాననీళ్ళు.

బావికీ డ్రమ్ముకీ మధ్య నిలబడింది. గట్టు మీద ఆయన వంగి పాత మట్టి తవ్వుతున్నాడు. చీలిక అంచుల్ని చేత్తో తడుపుతున్నాడు, పసిపిల్ల ముఖం తుడిచినట్టు.

బకెట్ బోర్లించింది.

వాననీళ్ళు ముంచింది.

ముద్ద కట్టింది. ఇద్దరూ చీలికలో కూరారు. పైన నల్లమట్టి మెత్తారు. వాననీళ్ళతో కట్టిన ముద్ద బయటి ఉప్పుకి ఎంతసేపు ఆగుతుందో... ఏ ల్యాబులోనూ ఆమె చూడలేదు.

పోటు ఎక్కుతోంది. ఇద్దరూ అతుకుని అరచేతులతో అదిమి పట్టారు.

"చెయ్యి తియ్యవే."

"నువ్వు తియ్యి ముందు."

"అరే, పెద్దోణ్ణి సెప్తున్నాను కదా!"

ఎవరూ తియ్యలేదు.

ఆయన అరచేతికీ ఆమె అరచేతికీ మధ్య, తడి మట్టి మీద సన్నని గీత —

వెంట్రుకంత.