ఎనిమిది బిళ్ళలు

పురానాపూల్ దగ్గర ప్రేమ్‌రాజ్ షెడ్డుకి బోర్డు లేదు. ఒకప్పుడు అవసరం పడలేదు, ఇప్పుడు పెట్టినా చదివేవాడు లేడు. ముప్పై ఏళ్లుగా ఫియట్ పద్మినీలు తప్ప మరోటి ముట్టని మనిషి. పద్మినీలు తుక్కుకి పోయాయి, వాటి వెనకే అతని పేరూ పోయింది. కొత్త కార్లకు వైరు గుచ్చి ఫోనులో రోగం చూసుకునే మెకానిక్కులంటే అతనికి ఒళ్లు మంట. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఆ ఫోనులో ఏం కనపడుతుంది? చెవి ఉంది, చెయ్యి ఉంది, చాలనుకుంటూ బతికాడు.

అలాంటివాణ్ణి వెతుక్కుంటూ హరిబౌలి నుంచి రఘునాథ్ వచ్చాడు. బీమా ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. తండ్రి కొన్న కారొకటి ఇంట్లో ఉంది. ఇటలీది, అల్ఫా రోమియో స్పైడర్, గుడ్డ టాపు ఉన్న ఎర్ర బండి. ఇంజను అతుకు మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయి.

"నాయిన ఉన్నప్పుడు డానియేలన్న చూసెటోడు. ఇప్పుడు ఆయనకు చేతులు వణుకుతున్నయంట. నువ్వు ఆయన షాగిర్దువని తెలిసి వచ్చిన," అన్నాడు.

ఇన్నేళ్లకు ఒకరు వెతుక్కుంటూ వచ్చారని ప్రేమ్‌రాజ్‌కు సంతోషమైంది. వచ్చింది తన పేరు చూసి కాదు, పని నేర్పిన ఉస్తాద్ పేరు చూసి అని మంట కూడా అయింది. మంటే ఎక్కువ.

మర్నాటి నుంచి హరిబౌలి ఇంటి వాకిట్లో, రేకుల కింద పని మొదలైంది. గాస్కెట్‌ను రఘునాథ్ కూతురు సంహిత ముందే విదేశం నుంచి తెప్పించి పెట్టింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. ఫోనులో ఆ బండి పుస్తకం తెరుచుకుని పక్కనే స్టూలు మీద కూర్చునేది.

"అంకుల్, వాల్వుల మీద చిన్న బిళ్ళలుంటాయట. ఎనిమిది. వాల్వు సందు సరిపోయేలా ఒక్కోటి ఒక్కో మందం. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని తియ్యమని రాసుంది."

"బుక్కు జూసి జేసేటోళ్లు వేరే ఉంటరు బేటా. మాది చెవి లెక్క."

"చెవితో మందం తెలుస్తుందా?"

రఘునాథ్ నవ్వాడు. ప్రేమ్‌రాజ్ నవ్వలేదు. "నువ్వు పుట్టకముందే ఈ బండి మీద పానా పట్టిన," అన్నాడు. అబద్ధం కాదు. కాకపోతే ఆ రోజు పానా పట్టింది డానియేలు అడిగినప్పుడు అందించడానికి.

పద్మినీలో వాల్వు సందు సరిచెయ్యాలంటే నట్టు వదులు చేసి స్క్రూ తిప్పితే సరిపోతుంది. విప్పిన సామానంతా కిరోసిన్ టబ్బులో పోసి బ్రష్షుతో రుద్ది ఆరబెట్టుకోవచ్చు, ఏది ఎక్కడిదో చూసుకునే పని లేదు. సంహిత చాయ్ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు అతని చెయ్యి ఆ అలవాటు పనే చేసింది. చొక్కా గుండీలంతేసి ఎనిమిది బిళ్ళలు టబ్బు అడుగుకు చేరాయి.

కడిగి గుడ్డమీద పరిచాక పిల్ల చెప్పిన మాట గుర్తొచ్చింది. కంటికి అన్నీ ఒకటే. వేళ్ల మధ్య పెట్టి చూస్తే ఏ రెండూ ఒకటి కావు. పిల్లను పిలిచి చెబితే కొలిచి సరిచేసుకోవచ్చు. నోరు రాలేదు. చేతికి వచ్చిన వరసలో పెట్టుకుంటూ పోయాడు. రెండు మూడు చోట్ల బిగుతుగా ఉందని చేతికి తెలుస్తూనే ఉంది. అయినా బిగించాడు.

మూడో రోజు బండి స్టార్టయింది. అయిందన్న మాటే గానీ, కుంటివాడి నడకలా ఊగుతూ, పొగగొట్టంలోంచి తుపుక్కు తుపుక్కుమంటూ, పైన మూత కింద పోపులో ఆవాల్లా చిటపటలాడుతూ. గోడ మీదుగా చూస్తున్న పక్కింటివాళ్లు మెల్లగా లోపలికి జారుకున్నారు.

అప్పుడు వచ్చింది ఆ మాట. మెకానిక్కుల నోట్లో ఎప్పుడూ నానే మాట. ఏ బండి బానెట్ ఎత్తినా మొదట అదే అంటారు. అంటే చాలు, తప్పంతా అక్కడ లేనివాడి మీదికి పోతుంది, గిరాకీ తల ఊపుతాడు. ప్రేమ్‌రాజ్ జీవితంలో వెయ్యిసార్లు అన్నాడు, ఆలోచించి ఒక్కసారీ అనలేదు.

"దీన్ని ముందల ఎవరు జేసిండ్రు సార్?"

"డానియేలన్ననే జేసిండు. తర్వాత ఇంజన్ల చెయ్యి వెట్టింది నువ్వే," అన్నాడు రఘునాథ్.

అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. "అయితే గప్పుడే గడబడ జేసిపెట్టిండు సార్, వాల్వుల కాడ. ఇన్నేండ్లు ఎట్లనో నడిచింది. విప్పంగనే బయటపడ్డది."

"డానియేలా?" అన్నాడు రఘునాథ్.

ఆదివారం చర్చి ప్రార్థన అయ్యే వేళకు రఘునాథ్ మలక్‌పేట వెళ్లి డానియేలును ఆటోలో వెంటపెట్టుకొచ్చాడు. నిలదియ్యడానికి కాదు, ఆయన అలాంటి మనిషి కాదు. ప్రేమ్‌రాజ్ అన్నది దారిలో చెప్పి, ఏం చేస్తే సరవుతుందో అడగడానికి. ప్రేమ్‌రాజ్‌ను కూడా రమ్మన్నాడు. రాకపోతే దొరికిపోయినట్టేనని ప్రేమ్‌రాజ్ వచ్చాడు.

ఎనభై దాటిన డానియేలు తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ బండి దగ్గరికి నడిచాడు.

"ఏందిరా ప్రేమ్, గింత సన్నబడ్డవ్? నీ పెండ్లాం మహేశ్వరి తిండి వెడ్తలేదా?"

"గట్లేం లేదు ఉస్తాద్."

"స్టార్ట్ జెయ్."

పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజను మూత మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఎనిమిది చోట్లా విన్నాడు. ఆపమని సైగ చేసి ప్రేమ్‌రాజ్ వైపు చూశాడు. ప్రేమ్‌రాజ్ గుడ్డతో పానా తుడవసాగాడు. పానాకు ఏమీ అంటుకుని లేదు.

"నాదే సార్ తప్పు," అన్నాడు డానియేలు. "గప్పుడే కండ్లు సరిగ కనవడకపోతుండె. వాల్వుల మీది బిళ్ళలు కలిసిపోయినట్టున్నయి. మాఫ్ జెయ్యిండ్రి."

రఘునాథ్‌కు నవ్వొచ్చింది. "ఎట్ల కలుస్తయి డానియేలన్నా? మా అమ్మ కాడ ఇడ్లీ ప్లేట్లు రెండు అడుక్కొని, గుంటకొక్క బిళ్ళ వెట్టుకుంటివి గద. గీ వరసకు ఒక ప్లేటు, గా వరసకు ఒక ప్లేటు. మళ్ల ఆమె వాటిల ఇడ్లీ వెయ్యలే. కిరోసిన్ వాసనొస్తదని ఉన్నన్ని రోజులు నన్ను తిట్టింది."

"నాకు యాది లేదు సార్," అన్నాడు డానియేలు.

సంహిత మూలనున్న టబ్బు వంక చూసింది. తరవాత ప్రేమ్‌రాజ్ వంక.

నలభై ఏళ్ల కిందటి బండి నంబరు చెప్పినా అది ఎక్కడ ఆగిపోయిందో చెప్పగల ముసలాయన యాది లేదంటున్నాడు. ఆ ఇడ్లీ ప్లేట్లు కదలకుండా పట్టుకుని కూర్చున్నది ప్రేమ్‌రాజే. ఇప్పుడు ఊరుకుంటే డానియేలు ఇంజను పాడుచేసినవాడిగా ఆటో ఎక్కుతాడు. ఒప్పుకున్నది ఆయనే, ఇక తనను అడిగేవాడు లేడు. ఎంత సులువో అనిపించింది. అలా అనిపించినందుకే పానా కింద పెట్టేశాడు.

"ఉస్తాద్ కలపలే సార్. నేను కలిపిన. టబ్బుల కడిగేటప్పుడు. తెల్వక."

డానియేలుకే ముందు కోపం వచ్చింది. "నేను ఒప్పుకున్నంక నువ్వెందుకు నోరు తెరిచినవ్‌రా? సార్ ముందల నన్ను అబద్ధాలోన్ని జేస్తివి."

రఘునాథ్ ప్రేమ్‌రాజ్ వైపు తిరగలేదు. "ఇగ ఎట్ల, డానియేలన్నా?" అని అడిగింది డానియేలునే.

"మళ్ల విప్పాలె సార్. ఒక్కొక్క బిళ్ళ కొలిచి రాసుకోవాలె. వీనికి గంత సన్న కొలతలు రావు, బిడ్డను కూసోవెట్టుకోమనుండ్రి. వీడు ఇయ్యాలె, ఆమె కొలవాలె."

డానియేలు ఆటో ఎక్కేటప్పుడు ప్రేమ్‌రాజ్ చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకోకుండా ఆటో కడ్డీ పట్టుకుని ఎక్కాడు.

మర్నాడు పొద్దున్నే సంహిత కాగితం మీద గీతలు గీసుకుని, కొలిచే పరికరం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రేమ్‌రాజ్ మొదటి బిళ్ళ ఇచ్చాడు. కొలిచింది, రాసింది. రెండోది ఇచ్చాడు.

"అంకుల్," అంది తల ఎత్తకుండానే. "తెలియక కలిపానన్నారు. బిగించేటప్పుడైనా తెలియలేదా?"

తెలియలేదంటే నమ్ముతుంది. నమ్మకపోయినా చేసేదేం లేదు. అక్కడ వాళ్లిద్దరే ఉన్నారు.

"తెలిసింది బిడ్డా. తెలిసే బిగించిన."

పెన్ను ఆగింది. "డానియేలు తాత చేశాడని చెప్పినప్పుడు కూడా?"

"ఆఁ. గప్పుడు గూడ."

ఏదైనా అంటుందేమోనని చూశాడు. తిడితే బాగుండు. ఆమె రెండో గీత మీద అంకె వేసి, అతని మొహం చూడకుండా చెయ్యి చాపింది.

"మూడోది ఇవ్వండి."